ఐలేసా

బల్లార్షాల రాత్రి డ్యూటీ దిగి
బాపు ఇంటికొచ్చేసరికి
అంగీ లోపల, పొట్టకు ఆనిచ్చుకొని
ఒక పుస్తకం.

అట్ట లేదు.
అమ్ముడుపోని పుస్తకాలకు అట్ట చింపేస్తరట,
అట్ట పోతే అది పుస్తకం లెక్క కాదట, రద్దీ.
మరాఠీల రద్దీ అంటే చిత్తుకాగితం,
తెలుగుల రద్దీ అంటే జనం.
మా రెండర్రల క్వార్టర్ల రెండూ ఉండె.

బేలు కట్టిన ఇనుప తీగ బిగిసి
ప్రతి పేజీ అంచుకూ ఒకటే గాటు,
తొంభై నాలుగో పేజీ దాకా లోతుగ,
అవతల పల్చబడుకుంట పల్చబడుకుంట
చివరికి గోటిగీత.

నాకు పదమూడేండ్లు.
బడిల మరాఠీ, ఇంట్ల తెలుగు,
ఇంగ్లీషును ఇంకా కందిపప్పుల రాళ్ల లెక్క
ఒక్కొక్కటే ఏరుకునేదాన్ని.
లోపలి పేజీ మీద రాసినామె పేరుంది, గట్టిగ చదివిన:
ఐల్సా థ్రెల్‌బీ.
బాపు పండ్లు తోముకుంటనే ఆగిండు.
"ఐలేసా? బేళ్లు ఎత్తేటప్పుడు మేమనే మాటే గదనే!"
ఆ పొద్దు నుంచి ఆ ఇంగ్లండు రచయిత్రి
మా ఇంట్ల ఐలేసమ్మ.

అది మూడో భాగం.
"నీకు తెలిసిందే కదా" అని మొదలైతది.
నాకేం తెలుసు?
నీళ్లు లేని గుట్టల మీద పడవ నడిపే పిల్ల,
ఆమె వెనుక తోక లేని నక్క.
తోక ఎట్ల పోయిందో రెండో భాగంల ఉందట.
ఆ రెండో భాగం ఏ బేలుల వచ్చిందో,
ఏ తొట్టిల నాని గుజ్జయిందో,
గీతల నోటుబుక్కయి మా బడికే వచ్చిందో,
దాని మీదనే నేను లెక్కలు చేసిన్నో.

కరెంటు పోయిన రాత్రులు
మెట్ల మీద కూసోని నేనే చెప్పిన ఆ రెండు భాగాలు,
తమ్ముడు రాజలింగుకు తెలుగుల,
పక్కింటి మేశ్రాంల వైశాలికి మరాఠీల.
ఆమె మంచు అని రాసినకాడల్లా
నేను బొగ్గుదుమ్ము అన్న.
పడవ సంగతి ఎవరూ అడగలే.
ఎండకాలం వర్ధా నదిని చూసినోళ్లకు
నీళ్లు లేని పడవేం వింత?
తోక ఒకసారి రైలు పట్టాల సందుల ఇరికింది.
ఒకసారి బొగ్గు చౌకీదారు కోసుకున్నడు.
ఒకసారి నక్కే దాన్ని కుదువబెట్టి
ఆ పిల్లకు పడవ కొనిచ్చింది.
వైశాలి నమ్మలే.
రాజలింగు ఏడ్చిండు.

ఇరవై రెండేండ్లకు, రాజురా బడిల పంతులమ్మనైనంక
ఆమెకు ఉత్తరం రాసిన. ప్రచురణ సంస్థ అడ్రసుకు,
అది ఉందో మూతపడ్డదో తెల్వకుండనే.
ఏడు నెలలకు జవాబు.
వాలిన అక్షరాలు, రెండుచోట్ల కొట్టివేతలు.
తనకు డెబ్బై నాలుగట.
మూడో భాగం నడవలేదట, ఆ తర్వాత ఎవరూ అడగలేదట,
సాహస కథలు మానేసి పోస్టాఫీసుల పనిచేసిందట.
వరదొచ్చి మొదటి రెండు భాగాలు తన దగ్గర కూడా పోయినయట.
"నక్క తోక సంగతి నిజంగ గుర్తులేదు.
నీ కథల ఎట్ల పోయింది? వీలైతే రాయి."

బాపుకు ఇప్పుడు ఒక చెవే,
ఇంకోటి మిల్లు మోతల పోయింది.
"ఏమంటది ఐలేసమ్మ?"
వినపడే చెవి దిక్కు వంగి చెప్పిన.
ఉత్తరం తీసుకున్నడు, చదవనీకి కాదు,
బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ రుద్దిండు,
దీపం ముందట పట్టిండు, వాసన చూసిండు.
"మన వెదురు కాదిది. చలిదేశం కట్టె.
ఒక్కసారన్న తడిసి ఆరింది."

కాగితం తీసి ముందట పెట్టుకున్న.
నా దగ్గర మూడు తోకలున్నయి,
ఏది పంపాల్నో తెల్వక కూసున్న.
గోడకు ఒరిగి బాపు
నాలుగోది తను చెప్తనంటుండు.